నాయనమ్మ పిక్క బలం ఎంత?

వంటింట్లో పైఅర మీద ఆవకాయ జాడీ ఉంది. రెండేళ్ళ క్రితం వరకూ నాయనమ్మ మునివేళ్ళ మీద లేచి దాన్ని తానే దించుకొనేది. ఇప్పుడు మిమ్మల్ని పిలుస్తోంది. "చేయి అందడం లేదురా, కాస్త దించి పెట్టు" అంటోంది. మీరు దించి పెట్టి మళ్ళీ ఆటకు పరుగెత్తారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించారా? అర ఎత్తు పెరగలేదు. నాయనమ్మ చేతులు కురచ కాలేదు. వయసు పైబడినకొద్దీ వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు పలచబడి మనిషి కాస్త పొట్టి అవుతాడన్నది నిజమే. కాని రెండేళ్ళలోనే జాడీ అందనంత తేడా దానివల్ల రాదు. మరి ఏం జరిగింది?

ఈసారి ఆవిడ చేయి చాచినప్పుడు చేతివైపు కాకుండా పాదాలవైపు చూడండి. మడమలు నేలను విడవడం లేదు.

"పెద్దతనం, అంతే" అని ఇంట్లో వాళ్ళు తేల్చేస్తారు. ఆ మాటతో మనం తృప్తి పడకూడదు. ఏ కండరం బలహీనపడింది? ఎంత బలహీనపడింది? పోయిన సంవత్సరానికీ ఇప్పటికీ తేడా ఎంత? ఇవి కొలిచి తెలుసుకోవలసిన విషయాలు. ఇది జాడీతో ముగిసే వ్యవహారం కూడా కాదు. మడమ ఎత్తలేని కాలు గడప దగ్గర తడబడుతుంది, బస్సు మెట్టు దగ్గర తడబడుతుంది, తడిగా ఉన్న స్నానాల గదిలో తడబడుతుంది. ముసలితనంలో పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. అలా విరిగిన వారిలో చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. అందుకే పడకముందే కాలిబలం కొలిచే పద్ధతులను వైద్యులు వెతికారు. ఆ పద్ధతులలో కొన్నింటికి పెద్ద యంత్రాలు కావాలి. అన్నిటికన్నా చక్కని పద్ధతికి మాత్రం ఒక గోడ, ఒక గడియారం చాలు.

పిక్కను తడిమి చూడండి

మోకాలి కింద, కాలి వెనుకవైపు చేయి పెట్టి మునివేళ్ళ మీద లేవండి. మెత్తగా ఉన్న పిక్క ఒక్కసారిగా రాయిలా గట్టిపడింది కదూ? అక్కడ ఒకదానిమీద ఒకటిగా రెండు కండరాలున్నాయి. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గాస్ట్రాక్నీమియస్. గ్రీకు భాషలో ఆ పేరుకు 'కాలి పొట్ట' అని అర్థం. దాని అడుగున పలచగా, వెడల్పుగా పరచుకొని ఉన్నది సోలియస్. సోల్ అనే చదునైన చేప ఆకారంలో ఉంటుందని దానికి ఆ పేరు పెట్టారు. ఈ రెండూ కిందికి వచ్చి ఒకే తాడులాంటి స్నాయువుగా మారి మడమ ఎముకకు అతుక్కొన్నాయి. మడమకు పైన రెండు వేళ్ళతో పట్టుకొంటే ఆ తాడు గట్టిగా తగులుతుంది. గ్రీకు పురాణ వీరుడు అకిలిస్ పేరుతో దాన్ని అకిలిస్ స్నాయువు అంటారు. మన శరీరంలోని స్నాయువులలో అంత మందమైనది మరొకటి లేదు.

ఇప్పుడు చేతిని కాలి ముందువైపుకు తెచ్చి, ఎముకకు పక్కన, వెలుపలి వైపున పెట్టండి. మడమను నేలపై ఉంచి పాదం ముందు భాగాన్ని పైకెత్తండి. అక్కడా ఒక కండరం బిగుసుకొంటుంది. దాని పేరు టిబియాలిస్ యాంటీరియర్. ఇది పిక్కకంటే చాలా చిన్నది. అయినా దీని ఉద్యోగం చిన్నదేమీ కాదు. మనం అడుగు వేసేటప్పుడు గాలిలో ముందుకు కదిలే కాలి వేళ్ళకూ నేలకూ మధ్య ఉండే ఖాళీ ఎంతో తెలుసా? సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్లే! ఆ కాస్త ఖాళీని కాపాడేది ఈ ముందు కండరమే. అది సకాలంలో పాదాన్ని ఎత్తకపోతే బొటనవేలు చాప అంచుకో, గడపకో తగులుతుంది.

పిక్కది అంతకంటే బరువైన పని. నడకలో ప్రతి అడుగు చివరా శరీరాన్ని ముందుకు నెట్టేది అదే. నిలబడినప్పుడు మనిషి ముందుకు తూలిపోకుండా వెనక్కి లాగి ఉంచేదీ అదే. అది ముడుచుకొన్నప్పుడల్లా కాలి సిరలలోని రక్తం పైకి, గుండెవైపుకు తోయబడుతుంది. అందుకే దాన్ని 'రెండో గుండె' అనేవారూ ఉన్నారు.

144 కిలోగ్రాముల లాగుడు

పిక్క బలాన్ని కొలవడంలో ఉన్న చిక్కు తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. పాదాన్ని ఒక తులాదండం అనుకొందాం. చీలమండ దానికి ఆధారం. మీరు ఒంటికాలిపై, మునివేళ్ళ మీద నిలబడినప్పుడు నేల మీ బరువంతటికీ సమానమైన బలంతో బొటనవేలి మొదట్లో ఉండే మెత్తను పైకి నెడుతుంది. చీలమండ నుంచి ఆ చోటుకు దూరం పెద్దవారిలో సుమారు 12 సెం.మీ. అనుకోండి. చీలమండ నుంచి వెనుకకు, స్నాయువు అతుక్కొన్న చోటుకు సుమారు 5 సెం.మీ. తులాదండం సమతాస్థితిలో ఉండాలంటే రెండు వైపులా బల భ్రామకాలు సమానం కావాలి. మనిషి బరువు 60 కిలోగ్రాములైతే:

స్నాయువు లాగుడు × 5 = 60 × 12

అంటే లాగుడు 144 కిలోగ్రాముల బరువుకు సమానం. మనిషి బరువుకు దాదాపు రెండున్నర రెట్లు! 

బడి పుస్తకాలలో కొన్ని మునివేళ్ళనే ఆధారంగా తీసికొని దీన్ని రెండో తరగతి తులాదండం అంటాయి. అలా చేసినా జవాబు మారదు. అయితే ఒక జాగ్రత్త తీసికోవాలి. చీలమండపై పడే భారం 60 కిలోగ్రాములే అనుకొంటే లెక్క తప్పుతుంది. పిక్క తనను తాను పైకి లాగికొనేటప్పుడు కాలి ఎముకను అంతే బలంతో కిందికి నొక్కుతుంది. కాబట్టి చీలమండపై పడేది 60, 144 కలిపి 204. మునివేళ్ళ నుంచి చీలమండకు 12 సెం.మీ., స్నాయువుకు 17 సెం.మీ. 204ను 12తో గుణించి 17తో భాగించండి. మళ్ళీ 144 వస్తుంది.

ఎముకల కీళ్ళ దగ్గర కండరాలు చాలా చిన్న చేతిదూరంతో పని చేస్తాయనీ, అందువల్ల అవి మోసే బరువుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ బలం ప్రయోగించవలసి వస్తుందనీ లెక్కలు కట్టి చూపినవాడు ఇటలీ దేశపు జొవాన్నీ బొరెల్లీ. ఆయన 1679 డిసెంబరు చివరి రోజున మరణించాడు. జంతువుల చలనం గూర్చి ఆయన రాసిన గొప్ప గ్రంథం ఆ మరుసటి ఏడు వెలువడడం మొదలైంది.

చేయి ఓడిపోతుంది

కండరాల బలాన్ని కొలవవలసిన అవసరం వైద్యులకు మొదట గట్టిగా కలిగింది ముసలివారి వల్ల కాదు, పిల్లల వల్ల. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో అమెరికాలో పోలియో విజృంభించింది. పిల్లల కాళ్ళు ఉన్నట్టుండి చచ్చుబడిపోయేవి. (మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. మీ నాయనమ్మను అడిగితే ఆ జబ్బు పడి కాలీడ్చుకొంటూ నడిచిన తోటివారు ఆవిడకు గుర్తుండే ఉంటారు.) ఏ బిడ్డకు ఏ కండరం ఎంత మిగిలింది, చికిత్స వల్ల ఏమైనా మెరుగైందా అన్నది తెలియాలి. బోస్టన్ నగరంలో రాబర్ట్ లొవెట్ అనే వైద్యుడి దగ్గర పని చేసిన విల్‌హెల్మీన్ రైట్ అనే ఆవిడ 1912లో చేతితో కండరాలను పరీక్షించే పద్ధతిని ప్రకటించింది. రోగి కాలును ఒకవైపుకు కదపమంటారు. పరీక్షించేవారు చేతితో అడ్డుపడతారు. ఎంత అడ్డును తట్టుకొంటే అంత బలం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో బ్రిటిషు వైద్యులు దీన్ని 0 నుంచి 5 వరకు మార్కులుగా స్థిరపరచారు. కండరంలో చలనమే లేకపోతే 0. చిన్న కదలిక కనిపించి, అవయవం కదలకపోతే 1. భూమ్యాకర్షణ అడ్డు లేనప్పుడు మాత్రమే కదిలితే 2. భూమ్యాకర్షణకు ఎదురుగా కదిలితే 3. దానికి తోడు చేతి అడ్డును కూడా కొంత తట్టుకొంటే 4. మామూలుగా ఉంటే 5. ఈ మార్కుల పద్ధతిని ఈనాటికీ ఆసుపత్రులలో వాడుతున్నారు.

పిక్క దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి బోల్తా పడింది. ఎందుకో మీరే చెప్పగలరు. ఇందాకటి లెక్కలో పిక్క లాగుడు 144 కిలోగ్రాములు, పాదం ముందు భాగాన అది తట్టుకొంటున్నది 60 కిలోగ్రాములు. ఏ వైద్యుడి చేయి అంత బలంతో నొక్కగలదు? బలం సగానికి తగ్గిన పిక్క కూడా వైద్యుడి చేతిని సునాయాసంగా నెట్టివేస్తుంది. "బాగానే ఉంది, 5 మార్కులు" అని రాసేస్తాడు. ముసలాయన ఇంటికి వెళ్తాడు. మెట్టెక్కబోయి పడతాడు.

కాబట్టి పిక్క విషయంలో చేతిని పక్కన పెట్టి, రోగి శరీరాన్నే తూకపురాయిగా వాడవలసి వచ్చింది. ఒంటికాలిపై నిలబడి మడమ ఎత్తాలి, దించాలి. ఎన్నిసార్లు? ఈ ప్రశ్నకు చాలాకాలం పుస్తకానికో జవాబు ఉండేది. అమెరికాలో లన్స్‌ఫర్డ్, పెర్రీ అనే ఇద్దరు 203 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి 1995లో ఫలితాలు ప్రకటించారు. రెండు క్షణాలకు ఒకసారి చొప్పున, మోకాలు వంచకుండా, 25 సార్లు లేస్తే పిక్క బలం మామూలుగా ఉన్నట్టు లెక్క అన్నారు.

ఈ 25 సంఖ్యను పట్టుకొని వెంటనే నాయనమ్మ దగ్గరకు పరుగెత్తకండి. ఆ 203 మందీ అరవై లోపు వయసువారు. అరవై దాటినవారిని పరీక్షించినప్పుడు సంఖ్యలు చాలా తక్కువ వచ్చాయి. ఆరోగ్యంగా తిరిగే పెద్దవారిలో కూడా కొందరు ఒంటికాలిపై పట్టుమని పదిసార్లు లేవలేరు. యువకుల కొలబద్దతో వృద్ధులను కొలిచి "జబ్బు" అనేయడం ఎంత తప్పో, "వయసు" అని వదిలేయడం కూడా అంతే తప్పు. నా ఉద్దేశంలో ఒకరి సంఖ్యను మరొకరి సంఖ్యతో పోల్చడం కంటే, అదే మనిషి పోయిన నెల సంఖ్యతో పోల్చడం ఎక్కువ ఉపయోగం.

ముందు మీ పిక్క

ఏ పరీక్ష అయినా ఇతరుల మీద చేసేముందు మన మీద చేసి చూసుకోవాలి. ఒక స్నేహితుణ్ణి తోడు తెచ్చుకోండి. చెప్పులు విడిచి, గోడకు ఎదురుగా, ఒక చేతి రెండు వేళ్ళు మాత్రం గోడకు ఆనించి నిలబడండి. అవి తూలకుండా ఉండడానికే, బరువు వేయడానికి కాదు. ఒక కాలు వెనక్కి మడవండి. రెండో కాలి మడమను ఎంత ఎత్తగలరో అంత ఎత్తండి. ఆ స్థితిలో మీ నడినెత్తికి తగిలేలా స్నేహితుడు ఒక స్కేలును గోడకు అడ్డంగా ఆనించి పట్టుకోవాలి. ఇక గడియారం చూస్తూ రెండు క్షణాలకు ఒకసారి లేవండి. ప్రతిసారీ తల స్కేలును తాకాలి.

పదిసార్ల వరకు ఆటలా ఉంటుంది. పదిహేను దాటాక పిక్క మండుతుంది. అప్పుడు శరీరం చేసే మోసాలు చూడండి! మోకాలు తనంతట తానే కాస్త వంగుతుంది. ఒళ్ళు గోడవైపుకు వాలుతుంది. రెండు వేళ్ళు గోడమీద బరువు వేస్తాయి. ఎత్తు సగమైపోయినా మీకు పూర్తిగా లేచినట్టే అనిపిస్తుంది. స్కేలు లేకపోతే మీరు ఎప్పుడు ఆగిపోయారో మీకే తెలియదు. తల స్కేలుకు బాగా దిగువనే ఆగిపోయినా, మోకాలు వంగినా లెక్క అక్కడితో ఆపాలి.

మోకాలు వంగకూడదని ఇంత పట్టుబట్టడం దేనికి? పిక్కలోని పై కండరం మోకాలికి పైన, తొడ ఎముక చివర మొదలవుతుంది. మోకాలు వంచితే అది వదులైపోయి సరిగ్గా లాగలేదు. లోపలి సోలియస్ మోకాలికి దిగువనే మొదలవుతుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు. పైగా మోకాలు వంచి చాచినప్పుడు తొడ కండరాలు సాయానికి వచ్చి మనల్ని పైకి నెడతాయి. మనం కొలుస్తున్నది పిక్కనా, తొడనా అన్నది తేలకుండా పోతుంది. కుర్చీలో కూర్చుని మడమలు ఎత్తుతూ పిక్కను తడిమి చూడండి. పైన కండరం మెత్తగానే ఉంటుంది. పనంతా అడుగున జరుగుతోందన్నమాట.

ముందు కండరానికి పరీక్ష ఇంకా తేలిక. మడమల మీద నడవాలి. పాదం ముందు భాగం నేలకు తగలకుండా పది అడుగులు వేయండి. మీరు అవలీలగా వేస్తారు. వృద్ధులకు ఇది ప్రమాదం, వారిచేత చేయించకండి. వారు కుర్చీలో కూర్చుని, మడమ నేలపై ఉంచి, పాదం ముందు భాగాన్ని ఎత్తి దించితే చాలు. రెండు పాదాలూ ఒకే ఎత్తు లేస్తున్నాయా అన్నది గమనించాలి. ఒక పాదం మాత్రమే లేవకుండా వాలిపోతుంటే అది వయసు వల్ల వచ్చిన బలహీనత కాకపోవచ్చు. నాడికి సంబంధించిన లోపం కావచ్చు. ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. ఉన్నట్టుండి అలా వాలిపోతే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు.

స్ప్రింగు త్రాసు నుంచి యంత్రం దాకా

చేతి అంచనా మనిషి మనిషికీ మారుతుంది. అందుకని పైన చెప్పిన లొవెట్, హార్వర్డ్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త అయిన ఎర్నెస్ట్ మార్టిన్‌తో కలిసి 1916 నాటికి ఒక స్ప్రింగు త్రాసు పద్ధతిని తెచ్చాడు. కాలికి పట్టీ కట్టి, దానికి త్రాసు తగిలించి లాగుతారు. రోగి ఎంతవరకు నిలదొక్కుకొంటే అంత బలం. ఇప్పటి వైద్యులు అరచేతిలో ఇమిడే డైనమోమీటరును వాడతారు. పేరు పెద్దదే గాని వెనుక ఉన్న ఆలోచన అదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముందు కండరాన్ని కొలిచేటప్పుడు చీలమండ నుంచి 15 సెం.మీ. దూరంలో పట్టీ కట్టి లాగితే త్రాసు 8 కిలోగ్రాములు చూపిందనుకొందాం. అదే పట్టీని 10 సెం.మీ. దగ్గరకు జరిపితే? కండరం మారలేదు, మనిషి మారలేదు, త్రాసు మాత్రం 12 చూపుతుంది! కాబట్టి త్రాసు రీడింగును ఒంటరిగా రాస్తే అర్థం లేదు. బలాన్ని దూరంతో గుణించాలి. 8 కిలోగ్రాములంటే సుమారు 78 న్యూటన్లు. దాన్ని 0.15 మీటరుతో గుణిస్తే దాదాపు 11.8 న్యూటన్-మీటర్లు. రెండో కొలతనుంచి కూడా ఇదే వస్తుంది. చేసి చూడండి.

1967లో హిస్లాప్, పెరిన్ అనేవారు మరో రకం యంత్రం గూర్చి వివరించారు. పాదాన్ని ఒక పలకకు కట్టేస్తారు. మనిషి ఎంత బలంగా తొక్కినా పలక ముందుగా నిర్ణయించిన వేగంతోనే కదులుతుంది. అతడి బలం ఎంతో యంత్రం నమోదు చేస్తుంది. దీనితో నెమ్మదిగా తొక్కినప్పటి బలాన్నీ, వేగంగా తొక్కినప్పటి బలాన్నీ విడివిడిగా కొలవవచ్చు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెబుతాను.

మన కండరాలలో రెండు రకాల తంతువులున్నాయి. కొన్ని నెమ్మదిగా ముడుచుకొంటాయి, తొందరగా అలసిపోవు. కొన్ని చటుక్కున ముడుచుకొంటాయి, త్వరగా అలసిపోతాయి. వయసు మళ్ళినకొద్దీ వెన్నుపాములోని నాడీకణాలు కొన్ని నశిస్తాయి. వాటి ఆజ్ఞలతో పని చేసే తంతువులు దిక్కులేనివై క్షీణిస్తాయి. కొన్నింటిని పక్క నాడులు దత్తత చేసికొంటాయి. ఈ నష్టం చటుక్కున ముడుచుకొనే తంతువులకే ఎక్కువ. అందుకే కండరం పరిమాణం తగ్గినదానికంటే బలం ఎక్కువగా తగ్గుతుంది, బలం తగ్గినదానికంటే చురుకుదనం ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. కాలు జారిన మనిషి నిలదొక్కుకోవాలంటే కన్నుమూసి తెరిచేలోగా పిక్క బిగుసుకోవాలి. బలం ఉండి కూడా అది ఆలస్యంగా వస్తే లాభమేముంది?

ఈ క్షీణతకు 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు అర్విన్ రోజెన్‌బర్గ్ 'సార్కోపీనియా' అని పేరు పెట్టాడు. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. పేరు లేనంతకాలం దాన్ని ఎవరూ జబ్బుగా లెక్కించలేదు. పేరు వచ్చాక కొలతలు, పరిశోధనలు వచ్చాయి.

అయితే తప్పంతా వయసుదే అనుకోకండి. వాడకపోవడం కూడా అంతే పని చేస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో దాదాపు ఆరు నెలలు గడిపిన తొమ్మిదిమంది వ్యోమగాముల పిక్కలను కొలిచి 2009లో ఫలితాలు ప్రకటించారు. వారేమీ వృద్ధులు కారు. అక్కడ రోజూ వ్యాయామం కూడా చేశారు. అయినా పిక్క పరిమాణం సుమారు 13 శాతం, దాని గరిష్ఠ సామర్థ్యం సుమారు 32 శాతం తగ్గాయి. భారం మోయవలసిన పని లేకపోతే పిక్క అంత త్వరగా కరిగిపోతుంది. జ్వరంతో రెండు వారాలు మంచం పట్టిన తాతయ్య జ్వరం తగ్గాక కూడా ఎందుకు తడబడుతున్నారో ఇప్పుడు అర్థమైందా?

నాయనమ్మ వంతు

ఇంట్లో పెద్దవారెవరైనా పక్కన ఉంటేనే ఈ పరీక్ష చేయాలి. మీరొక్కరే చేయించకూడదు. ఈమధ్య పడినవారికి, తల తిరిగేవారికి, గుండెజబ్బు ఉన్నవారికి, మోకాళ్ళు బాగా నొప్పి పెట్టేవారికి వైద్యుడిని అడగకుండా వద్దు. నాయనమ్మను వంటగట్టు ముందు, నేల పొడిగా ఉన్నచోట నిలబెట్టండి. చెప్పులు, జారే మేజోళ్ళు వద్దు. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడకుండా కాస్త పైకి దోపుకోమనండి. రెండు చేతులతో గట్టును పట్టుకోనివ్వండి. మొదట రెండు కాళ్ళ మీదా మడమలెత్తమనండి. పెద్దవారు ఒకరు ఆవిడ పక్కనే, చేయి అందేంత దగ్గరలో నిలబడాలి. మీ పని నేల దగ్గర కూర్చుని మడమ కింద ఖాళీని చూడడం.

రెండు మడమలూ కలిసి లేస్తున్నాయా? సమానంగా లేస్తున్నాయా? ఎన్నోసారికి ఎత్తు తగ్గింది? నాయనమ్మ "చాలు" అన్నప్పుడు చాలు. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని ఉబలాటపెట్టకండి. పక్కింటి మామ్మగారు ఇరవై చేసిందని చెప్పకండి. ఆ మాట వింటే ఏ నాయనమ్మా ఊరుకోదు.

కుర్చీ పరీక్ష కూడా వైద్యులు తరచు చేయిస్తారు. సుమారు 43 సెం.మీ. ఎత్తున్న చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీమీద కట్టుకొని, 30 క్షణాలలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి కూర్చోగలరో లెక్కిస్తారు. కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయంలో రిక్లీ, జోన్స్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. వృద్ధులు పడిపోకుండా చూసేందుకు అమెరికాలో వాడే పట్టిక ప్రకారం 65 నుంచి 69 ఏళ్ళ స్త్రీలు 11కు, పురుషులు 12కు తగ్గకూడదు. 75 నుంచి 79 ఏళ్ళవారికి ఆ సంఖ్యలు 10, 11. చేతులు ఊతం చేసికోకుండా లేవలేకపోతే లెక్క సున్నా. మంచి పరీక్షే. కాని ఇందులో ఎక్కువ పని చేసేది తొడ ముందు కండరాలు. కుర్చీలోంచి చక్కగా లేచే మనిషి పిక్క బలహీనంగా ఉండవచ్చు. ఒక పరీక్షలో నెగ్గితే రెండోది అక్కర్లేదని అనుకోవడానికి వీల్లేదు.

టేపుతో పిక్క చుట్టుకొలత తీసేవారూ ఉన్నారు. ఆసియా దేశాల నిపుణులు 2019లో పురుషులకు 34 సెం.మీ.కు, స్త్రీలకు 33 సెం.మీ.కు తక్కువ ఉంటే కండరం క్షీణించిందేమోనని అనుమానించి తదుపరి పరీక్షలు చేయాలని సూచించారు. ఇది సులువే. కాని కాలు నీరు పడితే, కొవ్వు పెరిగితే టేపు మోసపోతుంది. టేపు కొలిచేది లావునే గాని బలాన్ని కాదు.

సంఖ్య తక్కువ వస్తే? దిగులు పడవలసిన పని లేదు. 1990లో బోస్టన్ పరిశోధకులు వృద్ధాశ్రమంలో ఉండే, సగటున తొంభై ఏళ్ళ వయసున్న పదిమందిచేత తొడ కండరాలకు క్రమంగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించారు. మధ్యలో ఒకరు మానేశారు. మిగిలిన తొమ్మిదిమంది ఎనిమిది వారాలు పూర్తి చేశారు. వారి బలం సగటున 174 శాతం పెరిగింది! ఇద్దరు చేతికర్రలు వదిలేసి నడిచారు. అది తొడ కండరాల కథ అయినా, కండరం ఏ వయసులోనైనా పనికి లొంగుతుందని తేలిపోయింది. వంటగట్టు పట్టుకొని మడమలెత్తి దించడమే పిక్కకు పరీక్ష, అదే వ్యాయామం కూడా. ఎన్నిసార్లు చేయాలో, వారానికి ఎన్నిరోజులో వైద్యుడినో, ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టడం మంచిది.

ఒక పాత నోటుపుస్తకంలో తేదీ, ఏ కాలు, ఎన్నిసార్లు, గట్టును పట్టుకొన్నది రెండు చేతులతోనా ఒక చేతితోనా, ఏ పూట అన్నవి రాసి పెట్టండి. పొద్దున లేవగానే వచ్చిన సంఖ్యను సాయంత్రం అలసిపోయాక వచ్చిన సంఖ్యతో పోల్చకూడదు. మర్నాడు పిక్కలు నొప్పి పెడితే అదీ రాయండి. నెల తరువాత అదే చోట, అదే పూట, అదే విధంగా మళ్ళీ లెక్కించండి. ఆవకాయ జాడీని మాత్రం అప్పటిదాకా కింది అరలో పెట్టండి.